నీలి తలుపు వెనక సగ్గుబియ్యం

మా కాకినాడ ఇంట్లో సగ్గుబియ్యానికి రెండే వేళలు. జ్వరం తగ్గిన మర్నాడు జావ, ఎండాకాలం మేడ మీద వడియాలు. పండగపూట పాయసంలో కనిపించినా సేమ్యాకి తోడుగానే తప్ప దానికంటూ ఒక పెద్దరికం ఎప్పుడూ లేదు. సామర్లకోట నుంచి పెద్దాపురం వెళ్ళేటప్పుడు మిల్లుల కళ్ళాల్లో తెల్లగా ఆరబోసి ఉండేది. బస్సు కిటికీలోంచి పులిసిన పిండి వాసన ఒక్క క్షణం కొట్టి పోయేది. కర్రపెండలం దుంప కడిగి, నలగ్గొట్టి, పాలు తీసి, అడుగున పేరిన పిండిని పూసలుగా చుట్టి, వేడి తగిలించి ఎండబెడితే వచ్చే తిండి అది. చవకైనది, తేలిగ్గా అరిగేది, ఎవరూ గొప్పగా చెప్పుకోనిది.

ఆ సగ్గుబియ్యాన్నే కాలిఫోర్నియాలో, ద్రాక్షతోటల నడుమ యౌంట్‌విల్ అనే చిన్న ఊళ్ళో, నీలిరంగు తలుపున్న ఒక రాతి ఇంట్లో, ముత్యపుచిప్పతో చేసిన చెంచాతో తిన్నాను. ఆ ఇంటి పేరు ‘ద ఫ్రెంచ్ లాండ్రీ’. మా అబ్బాయీ కోడలూ ఫ్రీమాంట్‌లో ఉంటారు. మా ఆవిడా నేనూ వస్తున్నామని తెలిసి, నెలల ముందే కోడలు పట్టుబట్టి సంపాదించిన టేబుల్ అది. తిని వచ్చాక, ఆ వంటగది పెద్ద థామస్ కెల్లర్ 1999లో తెచ్చిన ‘ద ఫ్రెంచ్ లాండ్రీ కుక్‌బుక్’ తెప్పించుకుని చదివాను. పళ్ళెంలో చూసినది ఎన్ని చేతుల మీదుగా, ఎన్ని మెట్లు దాటి వచ్చిందో పుస్తకంలో తెలుస్తుంటే అదే భోజనం రెండోసారి చేసినట్టయింది. వంట కూడా నేతలాంటి, చెక్కడంలాంటి చేతిపనే అని మనం అంటూనే ఉంటాం. ఆ పనితనాన్ని పోగు పోగుగా విప్పి చూసే అవకాశం మాత్రం తక్కువసార్లే దొరుకుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన నాపా లోయ పొడవు సుమారు 30 మైళ్ళు. అటూ ఇటూ కొండలు, మధ్యలో ద్రాక్ష. మేం వెళ్ళింది చలికాలం చివర. తీగలన్నీ ఆకు రాల్చి నల్లటి మోడుల్లా నిలబడి ఉన్నాయి. వాటి వరసల మధ్య నేలంతా పసుపుపచ్చగా ఆవపూలు. పంట లేని నెలల్లో నేల కోసుకుపోకుండా, తర్వాత దున్నేస్తే ఎరువయ్యేలా ఆవాల్ని అక్కడ పెరగనిస్తారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగినవాణ్ణి, ఇంత ఆవ ఒక్కచోట పూసి ఉండగా ఎప్పుడూ చూడలేదు. 1968లోనే ఈ కౌంటీవాళ్ళు సాగుభూమిని ముక్కలు చేసి ఇళ్ళస్థలాలుగా అమ్మడానికి వీల్లేకుండా కట్టడి చేసుకున్నారు. సిలికాన్ వ్యాలీ కారులో గంటన్నర దూరంలో ఉన్నా పొలం పొలంగానే మిగిలింది. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి పందిళ్ళుండిన నేలలు చాలావరకు ఇప్పుడు కాలనీలు. ఆ లోయలో కారు పోతున్నంతసేపూ నాకు అవే గుర్తొచ్చాయి. 1976లో పారిస్‌లో పేర్లు కనపడకుండా జరిపిన రుచి పోటీలో ఇక్కడి ఎర్ర వైనూ తెల్ల వైనూ రెండూ ఫ్రాన్స్ వైన్లని దాటి మొదటి స్థానాల్లో నిలిచాయి. లోయకి ప్రపంచ ఖ్యాతి వచ్చింది అప్పుడే.

యౌంట్‌విల్ జనాభా మూడు వేల పైచిలుకు. ఆ లోయలో మొదట ద్రాక్ష నాటిన జార్జ్ యౌంట్ పేరు మీద వెలిసిన ఊరు. వాషింగ్టన్ స్ట్రీట్ మీద ఉన్న ఆ రెండంతస్తుల ఇల్లు 1900 ప్రాంతంలో సారాయి దుకాణంగా కట్టింది. దగ్గర్లో మాజీ సైనికుల ఆశ్రమం ఉంది. అలాంటి ఆశ్రమాలకి మైలు లోపు మద్యం అమ్మకూడదని 1906లో చట్టం రావడంతో యజమాని దాన్ని వదులుకోవలసి వచ్చింది. 1920ల్లో అదే ఇంట్లో ఆవిరితో బట్టలుతికే ఫ్రెంచ్ లాండ్రీ నడిచింది. ఆ పేరు ఊళ్ళోవాళ్ళ నోట నిలిచిపోయింది. 1978లో డాన్, శాలీ ష్మిట్ దంపతులు అక్కడ భోజనశాల తెరిచినప్పుడు పాత పేరే ఉంచేశారు.

శాలీ ష్మిట్ దగ్గర కాసేపు ఆగాలి. కెల్లర్ పేరు మోగినంతగా ఆమె పేరు మోగలేదు, అది నాకు వెలితిగానే అనిపిస్తుంది. అంతకుముందు ఆ ఊళ్ళోనే పాత వైనరీ కట్టడంలో ఆమె నడిపిన వంటశాల పేరు ‘చట్నీ కిచెన్’. ఆ పేరు చదివి మా ఆవిడ ఎంత సంబరపడిందో చెప్పలేను. ఫ్రెంచ్ లాండ్రీలో శాలీ రోజుకి ఒకటే మెనూ వండేవారు. అందరికీ అదే భోజనం, ఆ చుట్టుపక్కల ఆ పూట దొరికినదానితో. ఒకసారి కూర్చున్నవాళ్ళకి ఆ టేబుల్ రాత్రంతా వాళ్ళదే, లేవమనేవాళ్ళు లేరు. భోజనం మధ్యలో జనం లేచి తోటలోకి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు. చుట్టూ పండేది వండు, తొందరపడకు అన్న పద్ధతి ఆ ఇంటికి ఆమె వేసిన పునాది. 1994లో ఇల్లు అమ్మి, ఆ దంపతులు ఉత్తరాన ఆండర్సన్ లోయలో ఆపిల్ తోటకి వెళ్ళిపోయారు. శాలీ 2022లో, 90 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆమె వంటల పుస్తకం ‘సిక్స్ కాలిఫోర్నియా కిచెన్స్’ ఆ ఏడాదే వెలువడింది.

ఆ ఇల్లు కొన్న థామస్ కెల్లర్‌కి అప్పటికి చేతిలో పని తప్ప మరేం లేదు. పుట్టింది 1955లో. తల్లి రెస్టారెంట్లు నడిపించే ఉద్యోగంలో ఉండేవారు, ఆ వంటగదుల్లో గిన్నెలు కడగడంతో కెల్లర్ పని మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో సొంతంగా పెట్టిన ‘రాకెల్’ నిలబడలేదు. లాస్ ఏంజెలిస్‌లో హోటల్ ఉద్యోగం పోయింది. పొట్టపోసుకోవడానికి ఆలివ్ నూనె వ్యాపారం పెట్టారు. ఈ రాతి ఇల్లు చూసి మనసు పడ్డాక ఎంతోమంది దగ్గర తలా కొంత పెట్టుబడి పోగేసి, నెలల తరబడి తిరిగి, 12 లక్షల డాలర్లకి కొన్నారు. మూడేళ్ళు తిరిగేసరికి దేశంలో భోజనానికి ఇంతకన్నా ఉత్సాహం కలిగించే చోటు లేదని న్యూయార్క్ టైమ్స్ విమర్శకురాలు రూత్ రైకల్ రాశారు. కాలిఫోర్నియా బే ఏరియాకి మిషెలిన్ గైడ్ మొదటిసారి వచ్చినప్పుడే మూడు నక్షత్రాలు ఇచ్చింది. ఈ బిరుదుల జాబితా పొడుగైనది. నా దృష్టి వాటి మీద లేదు, పళ్ళెం మీద ఉంది.

భోజనం కోనుతో మొదలవుతుంది. పిల్లలు ఐస్‌క్రీం తినే కోనే, వేలెడంత ఉంటుంది. అడుగున కాగితం నేప్‌కిన్ చుట్టి, కోన్లు నిలబడటానికే బెజ్జాలు చేసిన స్టాండులో గుచ్చి తెచ్చి చేతికి అందిస్తారు. లోపల ఎర్రఉల్లి కలిపి గిలక్కొట్టిన పుల్లమీగడ. పైన ఐస్‌క్రీం బంతిలా గుండ్రంగా కూర్చోబెట్టిన పచ్చి సాల్మన్ చేప. మిషన్ తగలనీయకుండా కత్తితో సన్నగా తరిగి, ఆలివ్ నూనె, నిమ్మనూనె, చిన్న ఉల్లి, ఉల్లికాడ ముక్కలు కలిపింది. 1990లో న్యూయార్క్ వదిలిపెట్టి వెళ్ళబోయే రోజుల్లో, దిగులుగా ఉన్న కెల్లర్ స్నేహితులతో చైనాటౌన్‌లో భోంచేసి, అలవాటు ప్రకారం బాస్కిన్ రాబిన్స్‌కి వెళ్ళారు. దుకాణంలో కుర్రాడు కోనుని స్టాండులో పెట్టి ఇచ్చాడు. అదే క్షణాన ఈ వంటకం మనసులో తయారైందని పుస్తకంలో రాశారు.

ఊహ క్షణంలో వస్తుంది. దాని వెనక చేతికి పట్టే కాలం వేరు. మైదా, చక్కెర, ఉప్పు, వెన్న, గుడ్డులో తెల్లసొన కలిపిన పిండి. ప్లాస్టిక్ మూత మధ్యలో గుండ్రంగా కోసేసి, మిగిలిన చట్రాన్ని పలక మీద ఉంచి, ఆ గుండ్రంలో పిండిని కాగితం మందాన పూస్తారు. నల్లనువ్వులు చల్లి ఓవెన్‌లో పెడతారు. పిండి గట్టిపడీ పడకముందే, ఓవెన్ తలుపు తెరిచి ఉంచి, ఆ వేడిలోనే లోహపు కోను చుట్టూ వేళ్ళతో చుట్టేయాలి. బయటికి తీసి చుడదామంటే ఈలోగా చల్లారి విరిగిపోతుంది. చుట్టినదాన్ని అతుకు కిందికి వచ్చేలా పడుకోబెట్టి మళ్ళీ కాలుస్తారు, అప్పుడు అతుకు విడదు. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండ మీద తడిగుడ్డ లాగి పూతరేకు తీసే చేతుల్ని చూసినవాళ్ళకి ఈ వేగం అర్థమవుతుంది. రేకు ఎప్పుడు లేస్తుందో ఆ చేతికి తెలుసు, గడియారానికి తెలియదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతి అతిథికీ ఈ కోను అందుతుంది. అన్నేళ్ళుగా అన్ని కోన్లు చుట్టాక కూడా నా చేతికొచ్చినదాని అంచు ఎక్కడా మాడలేదు, అతుకు ఎక్కడుందో వెతికితేనే తెలిసింది.

ఆ తర్వాత సగ్గుబియ్యం. మెనూలో దాని పేరు ‘ఆయిస్టర్స్ అండ్ పెర్ల్స్’, అంటే ఆలిచిప్పలూ ముత్యాలూ. కిరాణా దుకాణంలో ఒక డబ్బా మీద ‘పెర్ల్ టపియోకా’ అన్న అక్షరాలు కెల్లర్ కంటపడ్డాయి. సగ్గుబియ్యం ముత్యాలట. ముత్యం పుట్టేది ఆలిచిప్పలో. అయితే ఈ రెండూ ఒక గిన్నెలో ఉండాల్సినవే కదా! అంతకుముందు అలాంటిది ఆయన ఎక్కడా తిన్నదీ లేదు, రుచి చూసి తేల్చుకున్నదీ లేదు. మాటలో దొరికిన చుట్టరికాన్ని పట్టుకుని వంటగదిలోకి నడిచారు.

చేసే విధానం చదివితే మన పాయసం గుర్తొస్తూనే, అడుగడుక్కీ దానికి దూరం జరుగుతూ ఉంటుంది. సగ్గుబియ్యాన్ని గంటసేపు పాలలో నానబెడతారు. ఆలిచిప్పల్లోంచి తీసిన మాంసం అంచులు కత్తిరించి సాపు చేస్తారు. ఆ కత్తిరింపులు పారేయరు, పాలూ మీగడలో వేసి సన్నసెగ మీద ఉంచితే సముద్రపు ఉప్పదనం వాటిలోకి దిగుతుంది. అది వడకట్టి, అందులో సగ్గుబియ్యం ఉడికిస్తారు. గింజ నడుమ తెల్లటి చుక్క పోయి అద్దంలా అయ్యేదాకా తిప్పుతూ ఉండాలి. మరోవైపు గుడ్డు పచ్చసొనని చిప్పల్లోంచి కారిన నీటితో కలిపి, మరిగే నీళ్ళ గిన్నె మీద పెట్టి నురగలా పొంగేవరకూ గిలక్కొడతారు. ఆ నురగ సగ్గుబియ్యంలో కలిసి, చిన్న చిన్న గిన్నెల్లోకి చేరుతుంది. వడ్డించే ముందు ఓవెన్‌లో వెచ్చబెట్టి, వెర్మూత్, వెన్న కలిపిన పులుసు పోసి, రెండు ఆలిచిప్పల మాంసం పెట్టి, వాటి మీద చెంచాతో కోలగా తీర్చిన చేపజన ఉంచుతారు. స్టర్జన్ చేప జన, కేవియార్ అనేది.

మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు అర్థమైన విషయం పుస్తకంలో అంత విడమరిచి లేదు. సగ్గుబియ్యం గింజా, జన గింజా ఇంచుమించు ఒకే సైజు. నాలుకకి రెండూ పూసలే. ఒకటి మెత్తగా జారి లొంగిపోతుంది, ఇంకొకటి పంటికింద చిట్లి ఉప్పునీరు చిమ్ముతుంది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. ఒకటి డబ్బాలో కొన్ని డాలర్లకి వచ్చేది, ఇంకొకటి గ్రాముల లెక్కన తూచేది. ఆ గిన్నెలో మాత్రం ఏది ఎక్కువ, ఏది తక్కువ అని నాలుక చెప్పలేదు. సగ్గుబియ్యానికి సొంత రుచంటూ ఏదీ లేదని మనం దాన్ని చిన్నచూపు చూస్తాం. ఆ లేకపోవడమే ఇక్కడ పనికొచ్చింది. సముద్రపు రుచిని మొత్తం తనలోకి పీల్చుకుని, మొదటినుంచీ తనదే అన్నట్టు తిరిగి ఇచ్చింది. జ్వరం పడిన నాలుకకి జావ ఎందుకు హాయిగా ఉంటుందో, ఇది ఎందుకు ఇంత హాయిగా ఉందో, కారణం ఒక్కటే అనుకుంటాను.

మెనూలో కొన్ని పేర్లకి రెండు పక్కలా కొటేషన్ గుర్తులుంటాయి. ‘మాకరోనీ అండ్ చీజ్’ అని ఉన్నచోట అసలు వచ్చేవి బియ్యపుగింజ ఆకారంలో ఉండే ఓర్జో పాస్తా, లాబ్‌స్టర్. ‘టంగ్ ఇన్ చీక్’ అన్నది ఇంగ్లీషులో వేళాకోళానికి వాడే నుడికారం, మాటకి మాట అర్థం చెంపలో నాలుక. పళ్ళెంలో నిజంగానే దూడ నాలుకా, ఎద్దు చెంపమాంసమూ ఉంటాయి. ఒక పేరు రెండు అర్థాలుగా విచ్చుకోవడం మనకి తెలిసిన విద్యే. పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణాన్నీ భారతాన్నీ నడిపించి ‘రాఘవపాండవీయం’ రాశాడు. శ్లేషలో తేలిక శ్లేష ఉంది, బరువైన శ్లేష ఉంది. మాట సరదా తీరగానే ఆవిరైపోయేది మొదటిది. రెండు అర్థాలూ దేనికది సొంత కాళ్ళ మీద నిలబడేది రెండోది. ఆలిచిప్పలూ ముత్యాలూ రెండో రకం. పేరు తెలియనివాడికి పెట్టినా ఆ గిన్నె ఖాళీ అవుతుంది.

గిన్నె ఖాళీ కావడం గురించి చెప్పాలి. తొమ్మిది కోర్సుల భోజనం అది. ఒక్కో కోర్సులో వచ్చేది మూడు నాలుగు ముద్దలు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. కెల్లర్ లెక్క ఇదీ: మొదటి ముద్దకి నాలుక అదిరిపోతుంది, రెండోదానికి ఆనందిస్తుంది, ఆపైన ఒక్కో ముద్దకీ రుచి తెలియడం తగ్గుతూ పోతుంది. కాబట్టి ‘అయ్యో, ఇంకొక్క ముద్ద ఉంటే బాగుండేది’ అని మనిషి అనుకునే చోట పళ్ళెం ఖాళీ కావాలి. మన వడ్డన ఇందుకు పూర్తిగా ఎదురు. విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టినా, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే మేనత్తలున్న ఇళ్ళలో పెరిగాం. కొసరి కొసరి వడ్డించడమే మర్యాద, వద్దని లేచిపోవడమే తృప్తి. మొదటి రెండు కోర్సుల్లో నాకు చెయ్యి ఆగిపోయినట్టు, ఎవరో విస్తరి లాగేసినట్టు అనిపించింది. నాలుగో కోర్సుకి వచ్చేసరికి అర్థమైంది, ఆ వెలితి వాళ్ళు మరిచిపోయి వదిలింది కాదని. కొలిచి పెట్టారు దాన్ని. ఉప్పుని కొలిచినంత శ్రద్ధగా కొలిచారు. దానికి తోడు ఒక నియమం ఉంది, ఆ పూట భోజనంలో ఒకసారి వచ్చిన దినుసు మళ్ళీ రాకూడదు. ఒక కోర్సులో కేరెట్ వాడేస్తే ఇక ఆ రాత్రికి కేరెట్ లేదు. మెనూ రోజూ మారుతుంది. రాత్రి వడ్డన ముగిశాక వంటవాళ్ళంతా కూర్చుని మర్నాటిది రాసుకుంటారు. కోనూ, ముత్యాలూ మాత్రం ఇంటి గుర్తులుగా ఉండిపోయాయి.

ఇక వంటగది లోపలి మాట. ఆ పుస్తకంలో నన్ను బాగా పట్టుకున్నది వడపోత. ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ద్రవం ఏది పోసినా వడకట్టకుండా పోయకూడదు. సన్నజల్లెడలో ఒకసారి, మళ్ళీ ఒకసారి, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ. మన వైద్యులు చూర్ణాలకి చెప్పే వస్త్రగాళితం అన్న మాట అక్కడ నాకు తట్టింది. పచ్చిబఠానీ సూపు గురించి రాసిన పేజీలు చూడండి. ఉడికిన బఠానీల్ని మెత్తగా చేసి, సన్నటి జల్లెడ మీద వేసి అరచేతి పలకతో రుద్దుతూ దింపుతారు. పొట్టు పైన ఉండిపోతుంది, కిందికి పచ్చదనం ఒక్కటే దిగుతుంది. ఆ పచ్చదనం నిలవాలంటే ముందు ఉడికించడంలోనే జాగ్రత్త ఉండాలి. పెద్ద కుండలో చాలా నీళ్ళు, సముద్రమంత ఉప్పు. బఠానీలు కొద్దికొద్దిగా వేయాలి, వేసినప్పుడు తెర్లు ఆగకూడదు. తెర్లు ఆగిన ఆ నిమిషంలోనే గింజలోని ఎంజైములు రంగుని తినేస్తాయట. నీళ్ళు మరుగుతూనే ఉంటే అవి ముందే చచ్చిపోతాయి. ఉడికిందనగానే మంచునీళ్ళలోకి. చిన్న గిన్నెలో మూతపెట్టి ఉడికించిన మన బీన్స్ కూర ఎందుకు నల్లబడుతుందో ఇన్నేళ్ళకి తెలిసింది.

వెన్న దగ్గర మన దారీ వాళ్ళ దారీ చీలిపోతాయి. మనకి వెన్న కాచడమంటే విరగ్గొట్టడం. నీరు ఆవిరై, మడ్డి అడుగుకి దిగి, పైన బంగారంలా నెయ్యి తేలితేనే పని అయినట్టు. కెల్లర్ వంటగదిలో వెన్న కరగాలి, విరగకూడదు. రెండు చెంచాల వేడినీళ్ళలో చల్లటి వెన్నముక్క ఒక్కొక్కటే వేస్తూ గిలక్కొడుతూ పోతే, కొవ్వూ నీరూ మడ్డీ విడిపోకుండా చిక్కటి మీగడ తరకలా నిలుస్తుంది. దానికి బేర్ మోంటే అని పేరు. మరగనీయకుండా ఆ వెచ్చదనంలోనే ఉంచి, అందులో లాబ్‌స్టర్‌ని ముంచి ఉడికిస్తారు. అంతకుముందు దాన్ని వెనిగర్ కలిపిన వేడినీళ్ళలో కొద్ది నిమిషాలు నానబెట్టడం పెంకు వదలడానికి మాత్రమే. మాంసం ఇంకా పచ్చిగానే ఉంటుంది. సలసల కాగే నీళ్ళలో వేస్తే కండ బిగుసుకుని రబ్బరవుతుంది. వెన్నలో నిదానంగా వేడి ఎక్కుతుంది కాబట్టి బిగుసుకునే సమయం ఉండదు. తూర్పుగోదావరి ఇళ్ళలో రొయ్యల ఇగురు వండే ఆడవాళ్ళు ‘రొయ్య ముడుచుకుందంటే దించేయాలి’ అంటారు. అదే శ్రద్ధ, ఇంకో భాషలో.

ఇంత శ్రద్ధ ఎక్కడినుంచి వచ్చిందంటే ఆయన గిన్నెలు కడిగిన రోజుల గురించే చెబుతారు. ఏ పాత్ర ఎక్కడ పెట్టాలో కుదురు ఉండాలి. రోజూ ఒకే పని ఒకే తీరున చేయాలి. గ్లాసుకి మరక ఉంటే వెంటనే కనిపిస్తుంది, సంజాయిషీ ఉండదు. గిన్నెలు కడిగేవాడు ఆగితే వంటగది మొత్తం ఆగుతుంది. 1977లో రోడ్ ఐలండ్‌లో ఒక క్లబ్బు వంటగదిలో తోటి పనివాళ్ళకి వండిపెడుతున్న రోజుల్లో రోలాండ్ హెనిన్ అనే ఫ్రెంచ్ షెఫ్ ఆయనకి గురువయ్యారు. మనుషుల్ని పోషించడానికే వంటవాడు వండుతాడని హెనిన్ చెప్పిన మాట తన జీవితాన్ని మలుపు తిప్పిందని కెల్లర్ చాలాసార్లు చెప్పుకున్నారు.

పుస్తకంలో కుందేళ్ళ కథ ఒకటుంది, చదవడం కష్టం. కుర్రతనంలో న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లెలో పనిచేస్తూ, బతికున్న కుందేళ్ళు తెప్పించుకున్నారు. తెచ్చినవాడు ఒకదాన్ని చంపి, ఒలిచి చూపించి వెళ్ళిపోయాడు. మిగతావి తనే చంపాలి. మొదటిది అరిచింది, పెనుగులాడింది, కాలు విరిగింది. ఒక ప్రాణం తీయడం ఎంత బరువో తెలిశాక, దాని మాంసాన్ని మాడ్చి పారేయడం తన చేత కాలేదని, తన వంటలో వృథా అన్నది అక్కడితో ఆగిందని రాశారు. ఆలిచిప్ప కత్తిరింపులు మీగడలోకి ఎందుకు వెళతాయో, ఆ వంటగదిలో చేపని మంచు మీద అది నీళ్ళలో ఈదే భంగిమలోనే ఎందుకు నిలబెట్టి ఉంచుతారో ఈ పేజీలు చదివితే తెలుస్తుంది. పక్కకి పడేస్తే కండ నలుగుతుందన్నది కారణం. అయినా అందులో చేప మీద గౌరవం కూడా ఉందని నాకనిపిస్తుంది.

చిన్న సంగతులు ఇంకా ఉన్నాయి. డబ్బాల మీద పేరూ తేదీ రాసి అంటించే టేపుని చేత్తో చించకూడదు, కత్తెరతో తిన్నగా కోయాలి. గోడ గడియారం కింద ‘సెన్స్ ఆఫ్ అర్జెన్సీ’ అని రాసి ఉంటుంది. గిన్నెలు కడిగేవాళ్ళ దాకా ఒకరినొకరు ‘షెఫ్’ అనే పిలుచుకుంటారు. 2004లో న్యూయార్క్‌లో ‘పర్ సే’ తెరిచాక రెండు వంటగదుల మధ్య తెరలు పెట్టి, ఇక్కడివాళ్ళు అక్కడి పనినీ అక్కడివాళ్ళు ఇక్కడి పనినీ చూసుకునే ఏర్పాటు చేశారు. 2017లో స్నోహెట్టా అనే వాస్తుశిల్ప సంస్థ కొత్త వంటగది కట్టింది. దాని తెల్లటి లోకప్పు పరిచిన గుడ్డలా వంపులు తిరిగి ఉంటుంది. ఒకప్పటి లాండ్రీకి తగిన కప్పు.

మా ఆవిడ శాకాహారి. తొమ్మిది కోర్సుల కూరగాయల మెనూ విడిగా ఉంటుంది, ధరా మర్యాదా రెండింటికీ ఒకటే. చాలా పెద్ద హోటళ్ళలో శాకాహారికి పక్కన పడేసిన వడ్డనే దక్కుతుంది, మాంసం తీసేసి మిగిలినది. ఇక్కడ అలా లేదు. కారణం రోడ్డు దాటితే కనిపిస్తుంది. ఎదురుగా మూడెకరాల కూరగాయల తోట, గోడా గేటూ లేకుండా. మెనూలో ఏముండాలో ఆ మళ్ళు కూడా చెబుతాయి. భోజనానికి ముందు మేం ఆ గట్ల మీద అరగంట నడిచాం. కుక్కని తీసుకొచ్చినవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు మాతోపాటే తిరుగుతున్నారు. ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. మా ఆవిడ ఒక మడి దగ్గర వంగి కలుపు ఉందేమోనని చూసింది, లేదు.

వైన్ గురించి నేను చెప్పగలిగేది కొంచెమే. వేల సీసాలున్న నేలమాళిగ అది, నేను తాగింది రెండు గ్లాసులు. అందులో నాకు నచ్చిన ఆలోచన అరసీసాలు. తొమ్మిది రకాల రుచులకి ఒకే పెద్ద సీసా కుదరదు. ఇద్దరే కూర్చున్న టేబుల్‌కి నాలుగు సీసాలు తెరవలేరు. అందుకని అరసీసాల్ని శ్రద్ధగా సేకరించి పెట్టారు. చేపకి ఒకటి, మాంసానికి ఒకటి మార్చుకోవచ్చు. పళ్ళెంలో ఉన్న లెక్కే సీసాలోనూ ఉంది.

చివర్లో ‘కాఫీ అండ్ డోనట్స్’ వస్తుంది. కాఫీ కప్పులో గడ్డకట్టీ కట్టని కాఫీ మీగడ, పైన వెచ్చటి పాల నురగ, పక్కన దాల్చినచెక్క చక్కెరలో దొర్లించిన వేడి డోనట్. చూడటానికి టీకొట్టు బల్ల మీది కప్పే. మన ఫిల్టర్ కాఫీలో నురగ కిందా పైనా ఒకే వేడి. ఇక్కడ పెదవికి వెచ్చదనం, నాలుకకి చలి. నేను కళ్ళు మూసుకుని తాగాను.

మనిషికి మూడున్నర వందల డాలర్లు దాటే భోజనం ఇది, వైన్ విడి. దాదాపు అరవై మంది కూర్చునే ఇంట్లో, అంతమంది వంటవాళ్ళు అంత పని చేస్తే ఆ ధర ఎందుకవుతుందో అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మనసుకి పట్టేయదు. ఈ పనితనం చాలామంది నోటిదాకా రాదు, వంటలో అది నిజమైన బాధ. శిల్పం గుడి గోడ మీద ఉంటే దారినపోయేవాడు కూడా చూస్తాడు. ఈ శిల్పం తిన్నవాడి నోట్లో కరిగిపోతుంది. అందుకే ఆ తోటకి గేటు లేకపోవడం, పుస్తకంలో ఏ మెళకువా దాచకుండా రాయడం నాకు విలువైన సంగతులుగా కనిపించాయి. రోలాండ్ హెనిన్ లాంటి గురువులు లేకపోయినా, ఆ పుస్తకం ఉంటే చాలు, కాకినాడలో కూర్చుని బఠానీల పచ్చదనం నిలబెట్టుకోవచ్చు. నేను నిలబెట్టాను కూడా.

ఆ ఇంట్లో ఒడిలో పరుచుకునే నేప్‌కిన్‌ని చెక్క బట్టల క్లిప్పుతో బిగించి పెడతారు. క్లిప్పు మీద ఇంటి పేరు అచ్చువేసి ఉంటుంది. లాండ్రీ గుర్తుగా అతిథులు దాన్ని తీసుకెళ్ళొచ్చు. మాది ఇప్పుడు కాకినాడ వంటింట్లో, పై అరలో ఉంది. వానాకాలం చెమ్మ తగలకుండా సగ్గుబియ్యం పొట్లం మూతికి మా ఆవిడ దాన్నే పెడుతుంది.